మ్యాచింగ్ సెంటర్ సత్యభామ

రాయచూరు బట్టల బజారులో ఆరడుగుల వెడల్పున్న కొట్టు ఒకటుంది. అందులోకి ఒకరు వెళ్ళాలంటే ముందు వెళ్ళినవాళ్ళు గోడకు ఒదగాలి. కింది నుంచి పైకప్పు దాకా గోడల నిండా రవిక గుడ్డల మడతలు, లంగాలు, చీరలకు కుట్టే ఫాల్స్, కొంగులకు వేలాడదీసే కుచ్చులు, దారపు ఉండలు. ఆ కొట్టు సత్యభామది. వయసు యాభై నాలుగు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమెను మ్యాచింగ్ సత్యక్క అంటారు. మ్యాచింగ్ అనేది ఆమె ఇంటిపేరేనని నమ్మే పిల్లలు కూడా ఉన్నారు.

చీర చూపిస్తే దానికి సరిపోయే రవిక గుడ్డ ఎవరైనా ఇస్తారు. సత్యభామకు చీర అక్కర్లేదు. "అక్కా, పోయినేడు మా ఆడబిడ్డ పెండ్లిల కట్టుకున్న పట్టుచీర..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు.

"గది ఉల్లిపొర రంగు గదా? ఎండల నిలబడితే జరంత ఎర్రగ గొడ్తది" అంటూ మూడో వరసలోంచి ఒక మడత లాగుతుంది. ఇంటికి తీసుకెళ్ళి చీర మీద పరిచి చూసుకుంటే గుడ్డ ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి.

రంగులకు ఆమె పెట్టుకున్న పేర్లు ఆమెవే. కందిపప్పు, వరినారు, నలిగిన నేరేడు, మొదటిరోజు పత్తిపువ్వు, రెండోరోజు పత్తిపువ్వు. పత్తిపువ్వు విచ్చిన రోజు లేత పసుపుగా ఉండి మర్నాటికి గులాబీ తిరుగుతుందని చేను చూసినవాళ్ళకు తెలుసు. సత్యభామ ఇడపనూరులో ఆ చేల మధ్యే పెరిగింది. తండ్రికి అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళకు రాయచూరు వచ్చింది, మూడు తరాలుగా చీరల వ్యాపారం చేస్తున్న ఇంటికి చిన్న కోడలిగా.

భర్త పేరు రంగా. పెళ్ళయిన నెలకు, దుకాణంలో "గా ఎర్రచీర అందుకో" అంటే అతను ఆకుపచ్చ చీర అందించాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వింది. మర్నాడూ అదే జరిగింది. మూడోరోజు గట్టిగా అడిగింది.

"ఏందయ్యా, నాతోని పరాచికాలా?"

రంగా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు రెండూ ఒక్కతీర్గనే కనబడ్తయి. ఎవరికీ చెప్పకు."

పేరులో ఉన్న రంగు కళ్ళలో లేదన్నమాట. అన్నలకు ఆ సంగతి తెలియదు. పెళ్ళివాళ్ళకు ఎర్రచీర బదులు పచ్చచీర మూటగట్టి ఇచ్చినప్పుడల్లా వీడికి నిలకడ లేదని తిట్టేవాళ్ళు. నిలకడ లేనివాడనిపించుకోవడమైనా నయమే గాని చీరల వ్యాపారి కొడుకుకు రంగులు తెలియవని ఊరంతా అనుకుంటే ఎట్లా అన్నది రంగా భయం. సత్యభామ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి దుకాణంలో అతని వెనకే నిలబడి, రంగు పేరెత్తకుండా, "పైకెళ్ళి నాలుగోది", "కిటికీ దిక్కుది" అని అందించేది. అన్నలు తమ్ముడు బాగుపడ్డాడనుకున్నారు.

ఏడేళ్ళ తర్వాత అన్నదమ్ములు వేరుపడినప్పుడు చీరలు అన్నలకు పోయాయి. చీరల కిందికీ పైకీ కావలసినవన్నీ, రోడ్డుకు అవతలున్న ఆరడుగుల జాగాతో సహా, రంగాకు వచ్చాయి. మరొకరైతే ఏడ్చేవాళ్ళు. సత్యభామకు ఆ రోజు పండగ. చీర ఎవరైనా ఎంచుకుంటారు, దానికి జత కుదర్చడమే పని అని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

కొట్టుకు మ్యాచింగ్ సెంటర్ అని పేరు పెట్టింది మాత్రం రంగా. అతనికి క్రికెట్ పిచ్చి. పచ్చగడ్డి మీద ఎర్రబంతి కళ్ళకు ఆనక చాలాకాలం రేడియోలోనే విన్నాడు. తెల్లబంతి ఆటలు వచ్చాక టీవీకి, ఇప్పుడు ఫోనుకు మారాడు. "బోర్డు మీద మ్యాచ్ అని ఉంటే నాకు కొట్ల కూసోబుద్ధయితది" అన్నాడు. సరేనంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో బోర్డు లేచింది.

ఆ మాటతో చిక్కులు చిన్నవిగానే మొదలయ్యాయి. పక్క సందులో ఆటోవాళ్ళు బీడీ నోట్లో పెట్టుకుని లోపలికి తల దూర్చేవాళ్ళు. "మాచిస్ హై క్యా, అమ్మా?" కాలేజీ పిల్లలు రోడ్డు మీద నుంచే స్కోరు అడిగేవాళ్ళు. వాళ్ళకు రంగా జవాబు చెప్పేవాడు. ఆటోవాళ్ళ కోసం సత్యభామ ఒక అగ్గిపెట్టె గల్లాపెట్టె మీద ఉంచింది.

అసలు చిక్కు మస్కి నుంచి బస్సెక్కి వచ్చింది. ఆయన పేరు మహదేవప్ప. తెల్ల పంచె, తెల్ల టోపీ, చేతిలో ప్లాస్టిక్ కవరు. బోర్డు రెండుసార్లు చదివి, చెప్పులు బయట విడిచి, స్టూలు మీద వినయంగా కూర్చున్నాడు. అప్పుడు కొట్టులో ఇద్దరు ఆడవాళ్ళు బేరంలో ఉన్నారు. ఆయన తన వంతు కోసం చెవులు రిక్కించి వింటున్నాడు.

"ఇది మీదానికి కుదరదమ్మా" అంటోంది సత్యభామ. "ఈడ లైటు కింద మంచిగనే కనబడ్తది. బయటికి పోయినంక అసలు రంగు తెలుస్తది."

మహదేవప్ప తల ఊపాడు. అనుభవం ఉన్న మనిషి అనుకున్నాడు.

"పోయినసారి మీరిచ్చింది ఆరు నెలలు గూడ నిలవలే సత్యక్కా" అంది రెండో ఆవిడ.

"నువ్వు రోజు బండకేసి బాదితే ఏది నిలుస్తది? మెత్తగ చూస్కోవాలె."

మహదేవప్ప టోపీ సవరించుకున్నాడు.

"పోనీ వాపసు తీస్కో."

"వాడినంక వాపసు లేదమ్మా. గోడకు రాసే పెట్టినం గదా."

ఆయన గోడ వైపు చూశాడు. నిజమే, రాసి ఉంది. ఆడవాళ్ళు వెళ్ళాక లేచి, చేతులు జోడించి, కన్నడం కలిసిన తెలుగులో అన్నాడు. "వాపసు లేదన్నది నాకు చాలా నచ్చిందమ్మా. ఈ కాలంలో ఎవరూ అంత గట్టిగా చెప్పరు. మా తమ్ముడి బిడ్డ. బి.ఎడ్. అయ్యింది. ఒక మంచిది చూడండి." అని కవరులోంచి ఫోటో తీసి ఇచ్చాడు.

సత్యభామ ఫోటోను గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూసింది. అమ్మాయి కట్టుకున్న చీరను చూసింది. "మామిడిపిందె రంగు. ఉన్నది, ఉన్నది" అని ఒక మడత లాగి ఆయన ఒళ్ళో వేసింది.

మహదేవప్ప ఒళ్ళోని గుడ్డనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "గుడ్డ కాదమ్మా. పిల్లగాడు."

రంగా చేతిలో ఫోను జారి లంగాల మీద పడింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "పిల్లగాండ్ల స్టాకు లేదు పెద్దాయనా" అన్నాడు.

సత్యభామ మాత్రం నవ్వలేదు. మస్కి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన మనిషి. ఆయన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, టీ తెప్పించింది, మామిడిపిందె రంగు గుడ్డ కాగితంలో చుట్టి, "పిల్లకు జాకెట్ కుట్టియ్యండి, మా దిక్కుకెళ్ళి" అని చేతిలో పెట్టింది. ఆయన బస్టాండు వైపు నడుస్తూ కూడా వెనక్కి తిరిగి బోర్డును ఒకసారి అనుమానంగా చూశాడు.

ఆ ఏడాదే బజారులో బోర్డుల గొడవ వచ్చింది. మున్సిపల్ ఆఫీసు వాళ్ళు కొట్టు కొట్టుకూ వచ్చి, పైన కన్నడం పెద్దగా ఉండాలి, ఇంగ్లీషు కింద చిన్నగా ఉంటే ఉండనీ అని చెప్పిపోయారు. బోర్డులు రాసే యల్లేశ్‌కు తిండి తినే తీరిక లేకుండా పోయింది. నిచ్చెన భుజాన వేసుకుని సత్యభామ కొట్టుకూ వచ్చాడు.

"మాట గదే ఉంచి అచ్చరాలు కన్నడంల రాస్త అక్కా. ఒక్క గంట పని" అన్నాడు.

నిజంగా గంటలో అయిపోయేదే. కాని ఆ సమయానికి జయతీర్థ అక్కడ ఉన్నాడు. ఆయన కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయిన మేష్టారు. భార్య చీర సంచిలో పెట్టుకుని రవిక గుడ్డ కోసం వచ్చాడు. అక్షరం మార్చితే భాష మారినట్టేనా అని యల్లేశ్‌ను నిలదీశాడు. అర్థం రాయాలన్నాడు.

అర్థం అనే మాట వినగానే సత్యభామ కత్తెర పక్కన పెట్టింది. "సారూ, నాకు ఎన్నో ఏండ్ల సంది ఒక డౌటున్నది. ఆటోవాళ్ళడిగే మాచిస్ మ్యాచే. మా ఆయన చూసే ఆట మ్యాచే. మస్కి పెద్దాయన అడిగిన పెండ్లి మ్యాచే. నా రవిక గుడ్డ మ్యాచే. ఇంగ్లీషోళ్ళకు మాటలేమన్న తక్కువ పడ్డయా?"

జయతీర్థ ముఖం వెలిగిపోయింది. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయనను ఇట్లాంటి ప్రశ్న ఒక్క విద్యార్థీ అడగలేదు. సంచి కింద పెట్టి స్టూలు లాక్కున్నాడు.

"అది ఒక మాట కాదమ్మా, రెండు మాటలు. ఎక్కడెక్కడో పుట్టాయి, వినడానికి ఒకేలా తయారయ్యాయి. మొదటిది ఇంగ్లీషువాళ్ళ సొంతం. వెయ్యేళ్ళ కింద దానికి అర్థం, జంటలో ఒకరు అని. మొగుడికి పెళ్ళాం మ్యాచ్, పెళ్ళానికి మొగుడు మ్యాచ్. దాంట్లోంచి సరిజోడు అన్న అర్థం వచ్చింది. బలంలో సరిజోడైన ఇద్దరిని ఎదురెదురుగా నిలబెడితే అది ఆట. అట్లా ఆటా మ్యాచ్ అయింది."

"అంటే ఆట, పెండ్లి ఒక్కటే మాటనా సారూ?" అన్నాడు రంగా ఫోను దించి.

"ఒక్కటే."

"నేను గందుకే టాస్ ఓడి కూసున్న" అన్నాడు రంగా. సత్యభామ అతన్ని పట్టించుకోకుండా, "మాచిస్ సంగతి చెప్పుండ్రి సారూ" అంది.

"అది వేరే దారి. ఫ్రెంచివాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. దీపం వత్తి అని దానికి అర్థం. పాతకాలంలో ఫిరంగి పేల్చాలంటే నెమ్మదిగా కాలే తాడొకటి పట్టుకునేవాళ్ళు. దాన్నీ మ్యాచ్ అనే అన్నారు. తర్వాత అగ్గిపుల్ల వస్తే ఆ పేరు పుల్లకు పోయింది. మనవాళ్ళ నోట్లో మాచిస్ అయింది."

"ఫ్రెంచోళ్ళకు ఎవరిచ్చిన్రు?"

జయతీర్థ కాస్త తటపటాయించాడు. కొట్టులో అప్పటికి ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. "లాటిన్ నుంచి. దానికి ముందు గ్రీకు. పండితులు చెప్పేదేమంటే, గ్రీకులో ఆ మాటకు మొదటి అర్థం..."

"చెప్పుండ్రి సారూ, మేమేం అనుకోం."

"చీమిడి."

ఆడవాళ్ళు ముగ్గురూ ముక్కుల మీద వేళ్ళేసుకున్నారు.

"ముక్కు చీమిడి. దీపం మూతిలోంచి వత్తి బయటికి వేలాడుతుంటే వాళ్ళకు చంటిపిల్లాడి ముక్కు గుర్తొచ్చిందట."

మొదట నవ్వింది యల్లేశ్. నిచ్చెన మీద ఉన్నాడు కాబట్టి నిచ్చెన కూడా కదిలింది. సత్యభామ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. "అంటే ఒక మ్యాచ్ మొగడు. ఇంకో మ్యాచ్ చీమిడి."

"మా ఇంట్ల రెండూ ఒక్కటే అక్కా" అంది లంగా కొనడానికి వచ్చిన ఆవిడ. ఆ తర్వాత కాసేపు ఎవరికీ ఏమీ అమ్మే పరిస్థితి లేకపోయింది.

నవ్వులు తగ్గాక జయతీర్థ తీర్పు చెప్పాడు. కన్నడంలో దీనికి చక్కని మాట హొందాణికె. హొందాణికె కేంద్ర అని రాయి. యల్లేశ్ తల గోక్కుని, "సారూ, మా ఇంట్ల ఆ మాట వేరే తీర్గ వాడ్తరు" అన్నాడు. ఆయన వినలేదు. యల్లేశ్ రాశాడు. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా వచ్చాయి.

యల్లేశ్ అన్నదే నిజమని నాలుగు రోజుల్లో తేలింది. హొందాణికె అంటే కుదరడం సరే. కాని పార్టీలు ఎన్నికల ముందు చేసుకునేదీ, అలిగి పుట్టింటికొచ్చిన కూతురికి పెద్దలు చెప్పేదీ అదే మాట. సర్దుకుపోవడం. మొదట గట్టు తగాదా ఉన్న ఇద్దరు అన్నదమ్ములు వచ్చి, ఫీజెంత అని అడిగారు. సత్యభామ వాళ్ళకు కోర్టు దారి చూపించి పంపింది. మర్నాడు యరగేర నుంచి నాగన్న, హేమ అనే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. ఒకే బండి మీద వచ్చి చెరో వైపు మొహం పెట్టుకుని నిలబడ్డారు.

"పదకొండు రోజులైంది మాట్లాడుకోక" అంది హేమ, గోడకు చెబుతున్నట్టు. "బోర్డు చూసి ఆగినం."

"ఇది గుడ్డల దుకాణం తల్లీ."

"ఉండనీయండి. మీరు పెద్దోళ్ళు. వినండి."

పంపించేద్దామనుకుంది సత్యభామ. కాని హేమ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సరే, ఏమైంది?" అంది.

కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఏ రంగు వేద్దామని నాగన్న అడిగాడు. గులాబీ అంది హేమ. నాకూ గులాబీయే ఇష్టం అన్నాడు నాగన్న. అంత హాయిగా ఒప్పందం కుదిరింది. హేమ పుట్టింటికెళ్ళి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి ఇల్లు దూరం నుంచే కళ్ళు పొడుస్తోంది.

"నేను చెప్పింది ఏం, ఈయన ఏసింది ఏం!"

"గులాబీ అన్నవా లేదా? గులాబీయే గదా ఏసింది! నేను తప్పు చేసిన్నా అక్కా, మీరే చెప్పుండ్రి."

సత్యభామకు ప్రాణం లేచొచ్చింది. ఇది తన శాఖే. గోడ దిగువ వరస మొత్తం కిందికి లాగింది. గులాబీ కుటుంబానికి చెందిన పదిహేడు మడతలు పట్టుకుని గుమ్మం బయట ఎండలో బల్ల మీద పరిచింది. "మాట్లాడొద్దు. ఇద్దరు గూడ ఒక్కసారే, మీరనుకున్న గులాబీ మీద వేలు పెట్టుండ్రి."

నాగన్న వేలు రాణి రంగు మీద పడింది. హేమ వేలు ఆ కొసన ఉన్న రెండోరోజు పత్తిపువ్వు మీద పడింది. మధ్యలో పదకొండు మడతల దూరం.

ఇద్దరూ ఆ దూరాన్ని చూస్తూ నిలబడ్డారు.

"మాట ఒక్కటే, రంగులు రెండు" అంది సత్యభామ. "ఆయన అబద్ధమాడలే. నువ్వూ ఆడలే. తగాదా మీది గాదు, గా మాటది."

హేమ పెదవి కొస కదిలింది. నాగన్న ధైర్యం తెచ్చుకుని గల్లా దగ్గరున్న రంగా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు మగోనివి, నువ్వు చెప్పు. ఏది బాగుంది?"

రంగా లేచి గుమ్మంలోకి వచ్చాడు. పదిహేడు మడతలనూ తీరిగ్గా చూశాడు. "నన్నడుగుతవేంది తమ్ముడూ? నాకు రంగులు సరిగ కనబడయి. ఎర్రది, పచ్చది ఒక్కటే. ముప్పై ఐదేండ్ల సంది ఈమె ఏది చెప్తే గదే నాకు రంగు."

మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. పక్క కొట్టువాళ్ళు విన్నారు. ఎదురుగా అన్నల చీరల దుకాణం మెట్ల మీద నిలబడ్డ పెద్దన్న కూడా విన్నాడు. సత్యభామ మడత పెడుతున్న గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. ఇంతకాలం "పైకెళ్ళి నాలుగోది" అంటూ దాచిన మాటను ఇతను నడిబజారులో ఇట్లా పరిచేశాడేమిటి? సిగ్గుపడుతున్నాడేమోనని మొహం చూసింది. అదేం లేదు. తేలిగ్గా ఉన్నాడు. హేమ ఆయన్నూ, ఆమెనూ చూసి, తర్వాత నాగన్న వైపు చూసింది.

"బయట ఈయనదే ఉండనీ" అంది చివరికి. "లోపల అన్ని గదులు నావి."

రంగువాడికి చూపించడానికి పత్తిపువ్వు రంగు ముక్కొకటి కత్తిరించి ఇచ్చింది సత్యభామ. వాళ్ళు వెళ్ళేటప్పుడు హేమ బండి మీద మొహం ముందుకే పెట్టి కూర్చుంది. రంగా పెద్దన్న మాత్రం రోడ్డు దాటి వచ్చి, తమ్ముడి పక్కన నిలబడి, "మాకెందుకు చెప్పలేదురా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా, ఫోనులో స్కోరెంతయిందో కనుక్కుని వెళ్ళాడు.

పంచాయితీలు మళ్ళీ రాకుండా సత్యభామ ఒక ఉపాయం చేసింది. యల్లేశ్‌ను పిలిచి, మాటలతో పెట్టుకోకుండా బోర్డు మీద ఒక లంగా బొమ్మ వెయ్యమంది. యల్లేశ్ అక్షరాలలో ఎంత దిట్టో బొమ్మల్లో అంత కాదు. లంగాను పైన సన్నగా, కింద వెడల్పుగా వేశాడు, బంగారు రంగు దిద్దాడు, నాడాను కింద నడిమధ్య వేలాడదీశాడు. చూసినవాళ్ళందరూ గంట అన్నారు.

కారహుణ్ణిమె రెండు రోజుల్లో ఉందనగా, ఎద్దులను సింగారించే ఆ పండగ కోసం, ఇడపనూరు నుంచి హనుమయ్య అనే రైతు వచ్చాడు. "అమ్మా, ఎద్దుల మెడకు గంటలు కావాలె."

సత్యభామ బయటికొచ్చి బోర్డు వైపు చూసింది. చాలాసేపు చూసింది. "గంటలు లేవు" అంది. "ఎద్దులు ఎక్కడున్నయి?"

"గంజ్‌ల. బండికి కట్టేసి వచ్చిన."

"ఏ రంగు?"

"ఒకటి తెల్లది. ఒకటి జర ఎర్రది."

"జర అంటే ఎంత?"

హనుమయ్య చెప్పలేకపోయాడు. సత్యభామ చీర కొంగుల కుచ్చులు గుప్పెడు సంచిలో వేసుకుని, కొట్టు రంగాకు అప్పగించి, అతనితో ధాన్యం అమ్మే మార్కెట్ గంజ్‌కు నడిచింది. కందుల మూటల మధ్య ఎండలో నిలబడి, ఎద్దుల కొమ్ముల పక్కన ఒక్కో కుచ్చూ పెట్టి చూసింది. తెల్లదానికి నలిగిన నేరేడు కుదిరింది. ఎర్రదానికి పసుపు పెట్టి, తీసి, వరినారు పెట్టి, కొంచెం వెనక్కి జరిగి తల పక్కకు వంచింది.

"రెంటికీ ఒక్కటే కడ్తే అయిపోతది గదమ్మా" అన్నాడు హనుమయ్య.

"అయిపోదు" అంది సత్యభామ.

ఈలోగా ఎర్రెద్దు నాలుక చాచి వరినారు కుచ్చును అందుకుని నమలడం మొదలుపెట్టింది. దాని వంక మెచ్చుకోలుగా చూసి, అదే రంగులో ఇంకొకటి తేవడానికి ఆమె కొట్టు వైపు నడిచింది.